డెబ్బై రెండో కిలోమీటరు

గోబీలో ఒకటే దారి పట్టాలు.
పైనుంచి వచ్చేదీ కిందనుంచి వచ్చేదీ
దాని మీదే రావాలి.
అందుకే మా కంట్రోల్ గదిలో
బల్లంత గళ్ళ కాగితం:
అడ్డంగా గంటలు, నిలువుగా కిలోమీటర్లు,
రైళ్ళన్నీ ఏటవాలు పెన్సిలు గీతలు.

కొత్తగా చేరిన సొలొంగోకి గీతలంటే చులకన.
"లెక్క ఉండగా బొమ్మలెందుకు, సాంబూ గువాయ్?"
అంటూనే అరచేతి మీద రాసేసింది.
ఇటునుంచి ప్యాసింజరు, గంటకి అరవై.
అటునుంచి బొగ్గు బండి, గంటకి నలభై.
నడుమ నూట ఇరవై.
నలభై ఎక్స్‌ని సమానం గుర్తు దాటించి
మైనస్‌ని ప్లస్ చేసి
వంద ఎక్స్ సమానం నూట ఇరవై...
గంటా పన్నెండు నిమిషాలు.
డెబ్బై రెండో కిలోమీటరు.
నా ఉప్పు టీ ఇంకా చల్లారనే లేదు.

నేను స్కేలు పెట్టి గీశాను.
మొద్దు పెన్సిలు, వణికే వేలు.
నా గీతలూ అక్కడే తెగాయి, ఇంచుమించు.
డెబ్బై ఒకటో, డెబ్బై మూడో.
"చూశారా, మీది సుమారు, నాది ఖరారు!"

ఖరారే తల్లీ.
డెబ్బై రెండు దగ్గర ఏముందో
నీ ఎక్స్‌కి తెలుసా?
ఎండిన ఉప్పు మడుగు.
ఒక తంతి స్తంభం.
పోయిన చలికి చచ్చిన ఒంటె పక్కటెముకలు.
లూప్ లైను లేదు.
అక్కడ రెండు రైళ్ళూ
నీ జవాబు సరైనదేనని
ఎదురెదురుగా వచ్చి నిరూపిస్తాయి.

ఆమె పెన్ను ఆగింది.
కాగితం మీద అరవై దగ్గర
అటుచివర్నుంచి ఇటుచివరి దాకా ఎర్ర సిరా గీత.
అక్కడుంది లూపు,
ఒక పాయింట్స్‌మన్, వాడి కుక్క.

రబ్బరు తీసుకుంది.
ప్యాసింజరు గీతని వంచలేదు.
అదే వాలుతో, పొల్లుపోకుండా,
అరగంట కుడికి జరిపింది.
బొగ్గు బండి గీత కదలకుండా కాచుక్కూచుంది.
రెండూ సరిగ్గా ఎర్ర సిరా మీద
కలిశాయి.

నమ్మలేదనుకుంటా.
అరచేతిలో చోటు లేక మణికట్టు మీద
ఎక్స్‌లోంచి అర తీసేసి
మళ్ళీ కట్టింది లెక్క.
గంటన్నర.
అరవై.

ఈ అరగంటా మైనస్ ముప్పై చలిలో
ప్లాట్‌ఫాం మీద జనం మా ఇద్దర్నీ తిడుతుంటారు.
తిట్టనీ.

తెల్లవారుజామున ఫోను మోగింది.
అరవై నుంచి పాయింట్స్‌మన్:
"రెండూ దాటాయి.
కుక్క మాత్రం ఇంకా మొరుగుతోంది."