తడి ఇసక

పొగాకు బేలు రసీదు మడతలో
తొమ్మిది పిడుదులు తెచ్చాడు మలకొండయ్య.
ఆవు పొదుగు సందుల్లోంచి పీకినవి,
తాగి తాగి ఆముదపు గింజల్లా బలిసినవి.
"ఏందమ్మా, వీటిక్కూడా రోగాలొస్తాయా?"
"వస్తాయో లేదో చూద్దామనేగా తెమ్మంది."

కనిగిరి పశువుల ఆస్పత్రి, వెనక గది.
గాజు పళ్ళెంలో తడి ఇసక,
ఇసకలో కంటికానని నులిపురుగులు.
జైబున్నీసా మేడం లెన్సులోంచి చెబుతుంది,
నేను రాస్తాను.

మొదటి రాత్రి.
వీపు తోలు కింద సన్నటి గొట్టం,
అదే దాని గుండె.
నిమిషానికి లెక్క పెరిగింది.
'భయం' అని రాశాను.
"వేగం అని రాయి రాహేలూ" అని కొట్టేసింది మేడం.

రెండో రోజు
ఒంట్లో ఉన్న కణాలన్నీ పరిగెత్తాయి.
లోపలికి దూరినవాణ్ణి తరమలేక
చుట్టూ మూగి, ఒకదానిమీదొకటి అతుక్కుని,
నల్లగా మాడి, గోడయ్యాయి.
ఒక్కడికి గోడ కట్టే లోపల
నోట్లోంచి ఇద్దరు, కిందనుంచి నలుగురు.
వాళ్ళ కడుపుల్లో ఇంకా చిన్న విషజీవులు.

మూడో రోజు కాళ్ళ కీళ్ళలో నీరు ఊరింది.
వేలల్లో పెట్టాల్సిన గుడ్లు
పదకొండు పెట్టింది,
మెరుపు లేని సగ్గుబియ్యం.

నాలుగో రోజుకి ఇటుక రంగు.
కోసి చూస్తే
లోపలికి పోయిన నులిపురుగులూ చచ్చే ఉన్నాయి,
పిల్లల్ని కనకుండానే.
పిడుదు కడుపు వాటికి అచ్చిరాలేదంట.
ఎవరు గెలిచారో రాసే గడి
మా రిజిస్టరులో లేదు.

సోమవారం మళ్ళీ వచ్చాడు మలకొండయ్య.
"ఈ ఇసక మా కొట్టంలో చల్లుకోనా?"
"చల్లుకో. నేల మాత్రం ఆరిపోకూడదు, రోజూ తడపాలి."
నవ్వాడు, గార చారల పళ్ళు కనపడేట్టు.
"తాగేదానికే మూడ్రోజులకో ట్యాంకరు తల్లీ.
బోరు నీళ్ళు తాగితే ఇదిగో"
వంగని మోకాలు చూపించాడు.

ఆ నీళ్ళలో ఏం వచ్చిందో
ఆ ఒంటికీ తెలిసే ఉంటుంది.
తరమలేక, ఎముక మీద ఎముక పేర్చుకుంటూ పోయింది
ముప్ఫయ్యేళ్ళు.
నేనేం మాట్లాడలా.

గుమ్మం దాకా పోయి తిరిగొచ్చాడు.
"ఆ రసీదు ఇయ్యమ్మా,
బేలు డబ్బులు ఇంకా పడలా."
వెతికి ఇచ్చాను.
తూకం అంకె మీద కందిగింజంత ఎర్రమరక.
గోటితో గీకి చూశాడు.
"మా ఆవు నెత్తురే" అని
జేబులో పెట్టుకున్నాడు.