తొమ్మిదో సీసా

బత్తాయి ట్రేలల్ల పెట్టుమన్నది మేడం.
ముప్పై ఒక్క సీసా.
మెడకూ మెడకూ నడుమ వరిగడ్డి,
అడుగున మిల్లు కాడి ఊక,
పైన మా నాయన పాత గొంగడి.
దేవరకొండల తెల్లారక ముందే లోడింగు.
పూసమాసం చలి, తాడు ముడేస్తుంటె
ఏళ్లు నాయి కానట్టున్నయి.

బీరువా, మంచం, ఒక మైక్రోస్కోపు,
తలకాయ లేని ప్లాస్టిక్ అస్థిపంజరం.
జువాలజీ చెప్తదట, ఆదిలాబాదుకు బదిలీ.
వాటిని ఎట్లన్న ఎక్కియ్యి అన్నది.
సీసాల కాడ మాత్రం తనే నిలబడ్డది.
ఒక్కోదాని మెడకు ప్లాస్టరు ముక్క,
నీలి ఇంకుతోని నంబరు.

"ఇంట్ల పులియబెట్టిన బీరు, లింగసామీ.
మొలకెత్తిన జొన్నలు, బత్తాయి తొక్క.
సీసాలను పండవెట్టకు. ఇంజను సెగ తగలనియ్యకు.
లోపలున్నయి చలికి పండుకున్నయి,
లేపకు."

నాకు చెప్పాల్నా? తాళ్లెక్కే ఇంటోణ్ణి.
మా నాయన సైకిలుకు లొట్లు కట్టుకొని
చింతపల్లి అంగడికి పోయేటోడు.
మూతికి ఈతాకు మడిచి పెట్టేటోడు, గట్టిగ కాదు.
"ఊపిరి తీసుకునేదాని మూతి బిగియ్యొద్దురా,
యాడనో ఒక కాడ పగులుతది."
ఆ మాట మేడంకు చెప్పిన.
"బిగిస్తెనే నురుగు" అన్నది గని
ట్రేల దిక్కు ఇంకోసారి చూసింది.

మల్లేపల్లి దాటినం. మంచు.
లైట్లు ముంగటికి పోక అద్దానికే కొట్టుకుంటున్నయి.
ముప్పై మీదనే పోనిచ్చిన.
ఎనుక బస్సోడు తిట్టుకుంట దాటిపోయిండు.
బ్రేకరొస్తె బండి దించిన
దవాఖాన మెట్ల మీద బాలింతను దించినట్టు.

మాల్ కాడ పోలీసులు ఆపిండ్రు.
"ఏమున్నయి బండ్ల?"
బత్తాయిలని చెప్దామని నోరు తెరిచిన.
"అస్థిపంజరం" అన్నది మేడం.
టార్చి కొట్టి చూసి,
తలకాయేది అని అడిగి,
పొమ్మన్నడు.

అక్కడికెల్లి అర కిలోమీటరు ఉంటదో ఉండదో,
సున్నం గీత లేని కొత్త బ్రేకరు.
టప్.

బండి పక్కకు తీసి పట్టా ఇప్పిన.
కల్లు వాసన కాదది. పులిసిన రొట్టె వాసన,
దాంట్ల బత్తాయి తొక్క చేదు.
గొంగడి తడిసి ఆవిర్లు లేస్తున్నయి.

పదకొండేండ్లు. నా బండ్ల పగిలినయన్నీ నా లెక్కలనే.
హాలియా సారు నిలువుటద్దం, ఎనిమిది వందలు.
ఒకరి టీవీ, రెండు కిరాయిలు.
ఎక్కియ్యక ముందే పర్రె వడ్డ కుండకు సుత
పైసలు కట్టిన.
అడుగుడు లేదు, కోసుడే.

"ఎన్నో నంబరు?" అన్నది మేడం.
పెంకులల్ల ఏరి మెడ చూపిచ్చిన. తొమ్మిది.
"తొమ్మిదిల బెల్లం ఎక్కువేసిన.
లెక్క తప్పింది నేను.
ఇంత చలిల గూడ పండుకోలేదు సూడు.
నువ్వు మంచిగనే నడిపినవ్."

అంతే. గొంగడి పిండుడు మొదలువెట్టింది.
నేను చాయ తాగొస్తనని రోడ్డు దాటిపోయి
హోటల్ ఎనుక గోడ కాడ
చాయ తాగకుంటనే కొద్దిసేపు నిలబడ్డ.

మిగిలిన ముప్పై దిగినయి.
ఆదిలాబాదుల ఇంకా చలి, నోట్లె మాట పొగైతున్నది.
కిరాయి ఎంచి ఇచ్చి, పైన ఒక సీసా. ఇరవై రెండు.
"మూడు దినాలు కదిలియ్యకు.
అడుగు మడ్డి వంపకు."

వాపసు వస్తుంటె బండి ఖాళీ.
ఖాళీ బండి ఎగురుతది, డ్రైవర్లందరికి ఎరుకే.
సీసా పక్క సీట్ల, నడుముకు నా రుమాలు.
ప్రతి బ్రేకరు కాడ ఆగి దాటిన.

మా నాయన ఇంకా తెరవలేదు.
తాడెక్కుడు బంద్ చేసి ఆరేండ్లాయె.
రెండు చేతులతోని పట్టుకొని
చెవి కాడ పెట్టుకున్నడు.
"ఏమంటున్నది?" అన్న.
ఊకోమన్నట్టు చెయ్యెత్తిండు.