నీలి కాగితంలో మూడు మెట్లు

కప్పు కారుతోంది, చూసిపొమ్మని కబురొచ్చింది
రాజోలులో, కొబ్బరి కొట్టు నల్లా సత్తెరాజు గారింటి నించి.
ఆయన మనవరాలు ట్రంకు పెట్టె అడుగున వెతికి
మడతలు చిరిగిన నీలి కాగితం తీసింది,
బల్ల మీద పరిచి నాలుగు మూలలా గ్లాసులు పెట్టింది.

తెల్ల గీతల ఇల్లు.
మద్రాసు ఆర్కిటెక్టు తిరువేంగడం గారు గీసింది.
పెంకు లేదు, మండువా లేదు.
వీధి మలుపు తిరిగే చోట బాల్కనీ కూడా
లాంచీ మూతిలా తిరిగింది.
"ఇందులో ఈశాన్యం మూల ఏదండీ?" అని పంతులు గారు
ఆ వంపు చుట్టూ మూడుసార్లు తిరిగారట. దొరకలేదట.
మూల కిటికీకి స్తంభమే లేదు,
పడిపోద్దని ఏడాది పాటు దాని కింద ఎవరూ నడవలేదట.

నా చూపు మెట్ల దగ్గర ఆగింది.
కాగితంలో మూడు.
నేనెక్కి వచ్చినవి ఏడు.

కట్టింది మా తాత, మట్టా ఏసోబు.
పునాది గోతిలో నల్లమట్టి ముద్ద నలిపి
వాసన చూశాడట.
"గోదారి మూడు మెట్లకి ఆగదండీ బాబుగారూ" అంటే
"డ్రాయింగు చూసి కట్టు" అన్నారు.
చూశాడు. తలూపాడు.
ఆయన సఖినేటిపల్లి రేవు దాటి
నర్సాపురంలో రైలెక్కాక
రెండడుగులు లేపేశాడు.

తిరిగొచ్చిన ఆర్కిటెక్టు వాకిట్లోనే నిలబడిపోయాడు.
ఇల్లు నేలకి ఆనుకుని పడుకోవాలి గానీ
ఇలా పీటెక్కి కూర్చోకూడదన్నాడు,
ఇది నా ఇల్లు కాదన్నాడు.
తాతకి రెండు వారాల కూలి కోసేశారు.
గృహప్రవేశం నాడు
మూడో మెట్టు మీద విస్తరేసుకుని తిన్నాడు తాత.
అంతకంటే పైకి ఎవరూ రమ్మనలేదు.

యాభై మూడులో గట్టు తెగింది.
నీళ్లు ఆరో మెట్టు తడిపి
ఏడోదాన్ని చూసి నిలబడ్డాయి.
అప్పుడు మా పేటని ఎవరూ పిలవలేదు, ఎవరూ ఆపలేదు.
వరండాలో, బాల్కనీ వంపులో, డాబా మీద,
మేకలతో సహా నాలుగు రాత్రులు.

దసరా వెళ్లాక మద్రాసు నించి వచ్చిన కార్డు ముక్క
నీలి కాగితం వెనకే అంటించి ఉంది:
"నా డ్రాయింగులో మెట్లు ఏడుగా దిద్దుకోగలరు."
మేస్త్రీ పేరు లేదు.
దిద్దినవాళ్లూ లేరు.

మనవరాలు పెన్సిలు నా ముందుకు తోసింది.
ముందు పని చూస్తానని డాబా ఎక్కాను.
కప్పుకి ఏ పక్కకీ వాటం లేదు.
ఎటు పోవాలో తెలీక
మొన్నటి వాన ఇంకా మధ్యలోనే ఉంది.
ఈ కప్పు మాత్రం మా తాత
అచ్చం డ్రాయింగు చూసే పోశాడు.