మూడున్నర

పొదలకూరు నిమ్మకాయల మార్కెట్లో
కొట్టు తెరిచి నాలుగో రోజు.
మద్రాసు లారీ దిగిన దస్తగిరి
పేరైనా అడక్కుండా
భుజం మీది తువ్వాలు తీసి
చెయ్యి ఇమ్మన్నాడు.

గుడ్డ కింద వేళ్లు మాట్లాడతాయి.
చుట్టూ మూగినోళ్లకి మా మొహాలే కనపడతాయి,
ఆ మొహాల్లో ఏమీ కనపడకూడదు.

బస్తా నాలుగు వందలని
ఆయన నాలుగు వేళ్లూ పట్టుకోబోతే
మూడున్నరే దొరికాయి.
మళ్లీ పట్టుకున్నా. మూడున్నరే.
నాకు చెమట పట్టింది,
ఆయనకి నవ్వొచ్చింది.

"చెరుకు రసం మిషన్లో పోయిందబ్బయ్యా,
పన్నెండో ఏట.
కొత్తోళ్లంతా మూడున్నరే అనుకొని
బేరం తెంచేసుకుంటారు.
నేను కాదనను."

మరి నాకెందుకు చెప్పినట్టు?

బదులు లేదు.
గంపలోంచి ఓ కాయ తీసి
గోటితో గిచ్చి వాసన చూశాడు,
నా ముక్కు దగ్గరా పెట్టాడు.
"టీ తాగినావా?" అన్నాడు.

ఎంతకి తెగిందో చెప్పను.
ఇప్పుడు ఫోన్ చేస్తే
రేటు ఆఖర్న అడుగుతాడు.
ముందు కండలేరు నీళ్లు వదిలారా అంటాడు,
ఆ తర్వాత మా పాప జ్వరం.
ఆ రోజు మర్చిపోయిన తువ్వాలు
ఇంకా నా గల్లాపెట్టె మీదే ఉంది.
ఆయన అడగడు.
నేనూ ఇవ్వను.