గడ్డ

మే నెల. హబ్సిగూడల తారు మెత్తవడ్డది.
నేను స్వెట్టర్ చంకల వెట్టుకొని డ్యూటీకి పోత.
బస్సుల కండక్టరమ్మ రోజు నవ్వుతది,
టికెట్టుతోని ఒక చూపు గూడ చింపి ఇస్తది.

మా గది మైనస్ ఇరవై.
అండ్ల, గొట్టాలల్ల, పండుకొని ఉన్నది
ఎక్కడ్నో ఉత్తరాన, చెట్టు మోకాలు దాటని చోట
పన్నెండు మీటర్ల లోతుకెల్లి తీసిన మట్టి.
వేల ఏండ్లు ఎండకాలం ఎరుగని మట్టి.
మొదటిరోజు నిఖత్ మేడం దాని ఇంగ్లీషు పేరు చెప్పింది.
నాకు నోరు తిరగలే.
‘గడ్డకట్టిన గడ్డ’ అన్న.
ఆమె పెన్ను ఆపి,
‘మళ్ల చెప్పు’ అన్నది.

గడ్డ అంటే నేల మాకు. గడ్డ అంటే ఐసు.
ఆపద దాటితె గడ్డకు పడ్డమంటం.
మా నాయినకు మెడకాడ లేసింది గూడ గడ్డనే,
అది కరగలే.

నాయిన ముషీరాబాద్ ఐసు ఫ్యాక్టరీల ముప్పై ఏండ్లు చేసిండు.
సలాక పెడితె ఏడ పగలాల్నో
ఐసుకంటె ముందు ఆయనకు తెలుస్తుండె.

మేడం చెప్తది:
అక్కడ చెరువులు రాత్రికి రాత్రి మాయమైతయట.
అడుగున గడ్డ కరిగి, బొక్క వడి,
నీళ్లన్ని నేల మింగుతదట.
నాకు నవ్వొచ్చింది.
మా దిక్కు చెరువుకు కిందికెల్లి బొక్క వడది మేడం,
మీదికెల్లి లేఔట్ వడతది.

కరిగిన మట్టిల నిద్రవోయిన పురుగులు లేస్తయట,
కంటికి ఆననియి.
పాత ఆకులు, పాత వేర్లు తిని గ్యాసు ఇడుస్తయట.
ఆ గ్యాసుకు ఎండ పెరుగుతది, ఎండకు ఇంకింత మట్టి కరుగుతది.
అసలు ఎవలు తీసుకున్నరో తెల్వది,
మిత్తికి మిత్తి మాత్రం నడుస్తున్నది.

మొన్న శుక్రారం రాత్రి గాలిదుమారం.
నాచారం కాడ ట్రాన్స్‌ఫార్మర్ పేలింది.
మా జనరేటర్ రెండుసార్లు దగ్గి పండుకున్నది.
మీటర్ల పద్నాలుగు. పదకొండు. తొమ్మిది.
అంకె తగ్గుతుంటె భయమైన రాత్రి అదొక్కటే నాకు.

ఫ్యాక్టరీకి ఫోన్ చేసిన.
ట్రాలీ ఆటోల ఇరవై దిమ్మెలు, మూడు బస్తాల దొడ్డుప్పు.
ఉప్పు వడ్డ ఐసు జల్ది చస్తది,
చచ్చుకుంట పక్కదాన్ని బిగవడతది.
గొట్టాల సుట్టు దంచి నింపిన, చేతులు తిమ్మిరెక్కేదాక.
మేడం చున్నీ కొప్పుల చెక్కి పారతోని ఉప్పు చల్లింది.
‘ఏ పుస్తకంల ఉన్నది ఇది?’
‘కుల్ఫీ’ అన్న.

పదమూడు గొట్టాలు గడ్డకు వడ్డయి.
పద్నాలుగోది పడలే.

స్టీలు ట్రేలకు బొట్టు బొట్టు దిగింది.
నల్లటి బురద, వెంట్రుకంత ఒక వేరు,
ఇంకా పచ్చి వాసన.
మొదటి వానకు లేసే వాసన గాదు అది.
దాని ముత్తాతది.
మేడం ఏడుస్తదనుకున్న.
నీళ్లు కొలిచింది. మూడువందల నలభై మిల్లీలీటర్లు.
రాసింది. రాసినంక పెన్ను మూత పెట్టలే,
చానసేపు.

అదే మిషన్ల మా బోరు నీళ్లు గూడ చూడుమని
సిగ్గుపడుకుంట సీసా ఇచ్చి రెండు నెలలైంది.
బోడుప్పల్. తొమ్మిదివందల అడుగులు.
సోమారం కాయిదం చేతిల వెట్టింది.
‘ఇండ్ల పోయినేటి వాన లేదు.
నీ తాత పుట్టకముందటి వానేమో, చానవరకు.
వాడుకుంటున్నవు,
మళ్ల వచ్చి నిండుతలేదు.’

ఆ రాత్రి మోటరు గాలి గుంజుకుంట గుంజుకుంట
అర బకెట్ పోసింది.
గ్లాసు ముంచుకొని నిలవడ్డ.
ఏ మబ్బుదో.
ఎవల పొలం మీద పడి జారి ఇంత లోతుకు వచ్చిందో.

దేవమ్మ వాకిట్లకెల్లి అడిగింది:
‘ఏమయ్య, గట్ల చూస్తున్నవు,
ఉప్పగున్నయా?’