తలమీద ఎర్ర అంకె

మొన్నటిదాకా తొమ్మిదో పదో ఉండే అంకె
ఈ పొద్దు అరవై రెండు.
అదే మిట్ట, అదే వంక, అదే కొమ్ముల కుందేలు.
మిషాల్ ఆరునెలలు సాకిన నిప్పుతొండ
ఒక్క దెబ్బకే తల వాల్చేసింది.
పిలగాడు రిమోటు నేలకేసి కొట్టి
సోఫా వెనక దూరినాడు.

వాళ్లక్క దానా చేసిన పని ఇది.
తమ్ముడు అన్నీ గెలుస్తాండాడని
ఆటలో ఏదో పేజీలోకి పోయి
మూడు గీతల్లో అడుగుదాని మీద నొక్కి
గమ్మున కాలేజీకి పోయింది.

నాకు అరబ్బీ చదవను రాదు, ఇంగ్లీషూ అంతే.
రంగులు తెలుసు.
అంకె పచ్చగుంటే పట్టు, పసుపైతే చూసుకో,
ఎరుపైతే యాడన్నా నక్కు.
జహ్రాలో ఈ ఇంటికొచ్చి నాలుగేండ్లు,
మామా మొగం కూడా అట్లనే చదువుకుంటా.

"ఓబులా, నేనొచ్చేలోపల
నా జీవాలకు రొంత బలం పట్టించు" అని
బడికి పోతా పోతా నాకు అప్పజెప్తాడు వాడు.
గిన్నెలు బోర్లించినాక, ఇస్త్రీకి ముందర,
ఏసీ కింద ఒక గంట.
రాయచోటి గుట్టల్లో ఎనభై గొర్రెల్ని కాసినదాన్ని,
ఇదొక లెక్కా అనుకున్యా.

మొదటిరోజు పదకొండుసార్లు సచ్చినా.
సచ్చినప్పుడల్లా తెర నల్లగై
గుడారం కాడ లేస్తాం,
సంచిలో పండ్లు సగం ఉండవు.
రెండోరోజు ఏడు.
మూడోరోజు లెక్కపెట్టలే.
ఇస్త్రీలో బాబా తెల్లచొక్కా మాడింది ఆ రోజే.

నాలుగోరోజు కొట్లాడ్డం మానేసి
ఊరికే కూచున్యా,
దిబ్బ వెనక, గడ్డిలో, కదలకుండా.
కిటికీ బయట దుమ్ముగాలి,
ఎదురింటి నీళ్లట్యాంకు కూడా కనపడ్డంలే.
తెరలో మాత్రం ఎండ.
ఆ కుందేలు పొద్దుగూకితే నీళ్లకాడికి వస్తాది.
తాగేటప్పుడు చెవులు వాలుస్తాది.
తాగినాక ఒకే రాయికి, రోజూ అదే రాయికి
ఆనుకోని నిద్దరపోతాది.
మా నాయన తోడేలును వెతికేటోడు కాదు,
గాలి యాడనుంచి వస్తాందో చూసేటోడు.

చుట్టూ తిరిగి వెనకనుంచి పోయి
సీసా బోర్లించినా దానిమీద.
సీసా ఊగింది.
మళ్లా ఊగింది.
మూడోసారి ఊగేటప్పుడు
నేను చీపురుకట్టను గట్టిగా పట్టుకోనుండాను,
ఎప్పుడు తీసుకున్యానో ఎరగను.

సాయంత్రం మిషాల్‌కు చూపించినా.
"కొట్టి గెలిచినావా?"
లేదు నాయనా, అది నిద్దరపోయింది.
వానికి నచ్చలే. అది దొంగతనం అన్యాడు.
నేనేమీ అనలే. నిజమేనేమో.

వాడింకా మీదపడి కొట్లాడతాడు,
సస్తాడు, ఏడుస్తాడు, తొండ మీద అలుగుతాడు.
కానీ ఇప్పుడు కదిలేముందు సంచి తడిమి చూసుకుంటాడు,
పారిపొయ్యే దారి ఒకటి ఎంచుకుంటాడు.
పిల్లోనికి ఇదా నేర్పేది అని
మామా అడిగితే ఏం చెప్పాల్నో ఇంకా అనుకోలే.

ఆ ఆటలో గోడల్లేవు.
గుట్ట దిగితే చాలు, సముద్రం దాకా పోవచ్చు,
ఎవురినీ అడగబన్లే.
ఒకసారి పోయినా నేను, బియ్యం నానేలోపల.
ఒడ్డున తొంభైతొమ్మిది అంకెది పడుకోనుంది,
ఇంత పొడుగు రెక్కలు ఇసకలో పరుచుకోని.
పట్టే ఆలోచనే రాలేదు.
చానాసేపు చూస్తా నిలబడినా.
అది నన్ను చూసిందో లేదో.

శుక్రవారం దీవానియాకు చుట్టాలు.
జుబైది చేపలు తోముతాంటే
దానా వచ్చింది వంటింట్లోకి, రిమోటు పట్టుకోని.
తమ్ముడు రాత్రి కూడా ఏడ్చినాడంట.
"పైగీతకు మార్చేదా, ఓబులా?"

చేతుల నిండా పొలుసులు. తుడుచుకుంటాండా.
వాకిట్లో పిలగాడు.
వాళ్లక్కను చూడ్డంలే,
రిమోటునూ చూడ్డంలే.
నా మొగమే చూస్తాండాడు,
ఏ రంగో అని.