పదకొండో కాన్పు

రాయపురం ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ.
లాగ్‌బుక్కులో పది సంతకాలు,
పదీ పక్కన నిలబడి చూసినవే.
తమిళం ఇంకా నోట్లో రాయిలా అడ్డం పడుతోంది.

సెల్వరాణి సిస్టర్ గ్లవ్స్ నా వైపు తోసి
గోడకానుకుంది.
చేపలమ్మే పిల్ల, తొలిచూలు;
నా మణికట్టులో ఆమె గోళ్లు.

ఏమనాలో తోచక
ఈనే గేదెతో మా అమ్మమ్మ అనే మాటే వచ్చేసింది:
"ముక్కమ్మా, ముక్కు!"
సిస్టర్ నవ్వింది.
తమిళంలోనూ అదే మాటట.

తల, భుజం, ఆపైన
తడి సబ్బులా జారిన బరువు.
ఏడవలేదు.
తుడిచాను. వీపు రుద్దాను. మళ్లీ రుద్దాను.
అప్పుడు ఏడ్చింది.

సంతకం అడగడం మర్చిపోయాను.
తెల్లారి బస్సులో
చేతులు ఒళ్లో పెట్టుకు కూర్చున్నాను,
ఎవరివో అడిగి తెచ్చుకున్నట్టు, జాగ్రత్తగా.